డ్యూటీ చార్టూ, ఆవుల ఎదా

భిలాయి సెక్టర్ 4లో మా పక్క క్వార్టర్ బాబాయి వెనక దొడ్లో నాలుగు ఆవుల్ని సాకేవాడు. శ్రీకాకుళం నుంచి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్స్ పనికొచ్చిన మనిషి. ఆవు ఎద సుమారు 12 నుంచి 18 గంటలే ఉంటుంది, అదీ చాలాసార్లు రాత్రిపూట మొదలవుతుంది. బాబాయి నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఎద అరుపు ఆగిపోయేది. మళ్ళీ 21 రోజులు ఆగాలి. "ఒట్టిపోయిన ఆవుని మేపడమేటిరా, దండగ" అని బాధపడేవాడు.

నేనప్పుడు దుర్గ్ పక్కన అంజోరా పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. అమెరికాలో మాంసానికి పెంచే మందలు బీళ్ళలో తిరుగుతుంటాయి, ఏది ఎప్పుడు ఎదకొచ్చిందో కనిపెట్టే మనిషి ఉండడు. అందుకని కొన్ని మందల్లో సూదిమందుతో అన్నిటినీ ఒకేసారి ఎదకు తెస్తారని పాఠంలో విన్నాను. బాబాయి దొడ్లోనూ లేనిది ఆ కనిపెట్టే మనిషే. మా సార్‌ని బతిమాలి తీసుకొచ్చాను.

సార్ ముందు సూది తియ్యలేదు. భుజం దాకా తొడుగు వేసుకుని ఒక్కో ఆవునీ లోపల తడిమి చూశారు. ఎర్రావు చూడిదని తేలింది. ఆ సూది పడితే ఈసుకుపోయేది! తాడు పట్టుకోబోయిన బాబాయి కూతుర్ని, ఆమె కడుపుతో ఉందని తెలిసి లోపలికి పంపేశారు. ఈ మందు చర్మం మీద పడినా ఒంట్లోకి ఇంకుతుంది.

ఎద ముగిశాక అండాశయం మీద కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ లేస్తుంది. అది ఉన్నన్నాళ్ళూ ఆవు ఎదకు రాదు. ఆ సూదిలోని ప్రోస్టాగ్లాండిన్ మందు దాన్ని కరిగిస్తుంది, కానీ ఎదైన మొదటి ఐదు రోజుల్లో ఇస్తే పనిచెయ్యదు. అందుకే 11 రోజుల ఎడంతో రెండు సూదులు. మొదటిదానికి లొంగని ఆవు రెండోదానికి లొంగుతుంది. రెండో సూది తర్వాత 72, 96 గంటలకు వీర్యం ఎక్కించాలి. బాబాయి డ్యూటీ చార్టు తెచ్చి చాప మీద పరిచాడు. ఆ రెండు రోజులూ తను ఇంట్లో ఉండేలా వెనక్కి లెక్కగట్టి మొదటి సూది తారీఖు పెట్టుకున్నాం.

రెండు ఆవులకు చేశాం. రెండూ చెప్పిన రోజుకే తీగలు వేశాయి. పరీక్షలో ఒకటి చూడి నిలిచింది, రెండోది మళ్ళీ ఎదకొచ్చి పొర్లింది. నాలుగోది, బక్కావు. దాని అండాశయాల్లో కదలికే లేదు. దానికి సూది వెయ్యడానికి సార్ ఒప్పుకోలేదు. నట్టల మందు పట్టించి, పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం పెట్టమన్నారు. ఒళ్ళు చేశాక మళ్ళీ వచ్చి చూస్తానన్నారు.