పిల్లర్ నంబర్ ఎంత?

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా అడ్రస్ అంటే పిల్లర్ నంబరే. "120 దగ్గర ఆపన్నా" అంటే ఆటో ఆగుతుంది. 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లు దూసుకెళ్తుంటే, కింద మనుషులు రోడ్డు దాటుతుంటారు.

తెల్లారి ఐదింటికి వెళ్లి చూడండి. పాల ప్యాకెట్ల సైకిళ్లు, డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, చీపుళ్లతో అక్కలు. రోడ్డు ఖాళీ, అందుకే బండ్లకి స్పీడు. మొన్న ఓ పిల్లర్ పక్కన వంకరపోయిన సైకిల్, రోడ్డంతా పాలు. గుద్దినోడు ఆగలేదట, బండి నంబర్ ఎవరూ చూళ్లేదు. చాయ్ బండి అన్న 108కి ఫోన్ చేసి పిల్లర్ నంబర్ చెప్పాడు. తన పేరు మాత్రం చెప్పలేదు, కేసులో ఇరుక్కుంటానని భయం. సాయం చేసినవాళ్లు పేరు చెప్పాల్సిన పన్లేదని చట్టమే అంటోంది.

సైకిళ్లకి ట్రాక్ లేదా అంటే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పుతో. బాగుంటుంది కూడా. కానీ అక్కడ పాలు ఎవరికి వేస్తాడు?

గుద్దిన బండి దొరక్కపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. చాయ్ అన్నకి చెప్తే, "వాళ్లింట్లో ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

సైకిల్ ఇంకా ఆ పిల్లర్‌కే ఆనించి ఉంది.