పెట్టెలో నేమి పెట్టుకొనవలెను?

గతమాసమున మా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతనికి మాల్దీవులలో నొక పాఠశాలయందు ఆంగ్లోపాధ్యాయపదవి లభించినదట. కూర్చుండకముందే జేబులోనుండి కాగితమును, కలమును దీసి, “మాస్టారూ, మీరక్కడ రెండేళ్లు పనిచేసి వచ్చారు గదా! పెట్టెలో ఏమేమి పెట్టుకోవాలో చెప్పండి, రాసుకుంటాను” అనెను. జీతమును గూర్చి గాక పెట్టెను గూర్చి మొదట నడుగుట మాకు నచ్చినది. ప్రయాణికుని పెట్టె తెరచి చూచిన, నతడు దేనిని గోల్పోవుటకు భయపడుచున్నాడో తెలియును.

మాల్దీవులనగా మన దేశమునకు నైరృతిదిశను హిందూమహాసముద్రమున నున్న పగడపుదీవులు. వేయిన్నూటికి పైబడిన యా దీవులలో జనులు కాపురముండునవి రెండువందలకు లోపు. 1965వ సంవత్సరమున స్వతంత్రమైన యా చిన్నరాజ్యము, 1960ల తొలినాళ్లలోనే తన పాఠశాలలయందు ఆంగ్లమును బోధనాభాషగా బ్రవేశపెట్టుట నారంభించెను. స్థానికులైన యుపాధ్యాయులు చాలకపోవుటచే మన దేశమునుండి యనేకు లక్కడికి బోయిరి. 2012వ సంవత్సరము జనవరిలో మేమును బోయితిమి.

శిష్యునకు మేము మొదట జెప్పినవి కాగితములు. పట్టాలు, వాని ధ్రువీకరణములు, పాసుపోర్టు, నియామకపు టొడంబడిక, వీనికి మూడేసి నకళ్లు తీయవలెను. ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టె యడుగున, ఒకటి యింటిలో నుండవలెను. ఒడంబడికను సంతకమునకు ముందే చదువవలెను. సంతకము చేసిన పిదప జదువుట పెండ్లియైన పిదప వరుని గుణములు విచారించుట వంటిది. మధ్యవర్తి మాకు నోట జెప్పిన జీతమునకును, కాగితముపై వ్రాసిన జీతమునకును గల భేదమును మేము దీవి చేరినగాని యెరుగమైతిమి.

పిమ్మట దేహమునకు వలసినవి. నిత్యము వాడు మందులను వైద్యుని చీటితో గూడ దీసికొనవలెను. కండ్లజోళ్లు రెండుండవలెను, చిన్నదీవిలో నొకటి పగిలిన, రెండవది వచ్చుటకు పడవకై వేచియుండవలెను. నూలుబట్టలు, గట్టిగొడుగు మరువరాదు. గాలిలోని యుప్పునకు ఇనుము త్రుప్పుపట్టును, తేమకు పుస్తకములు బూజుపట్టును. మన గుండ్రని కాళ్ల ప్లగ్గులు అక్కడి చదరపు రంధ్రములలో దూరవు గనుక అడాప్టరు కావలెను. రాజధానియైన మాలేలో దిగిన తరువాత మరల చిన్నవిమానమో పడవయో యెక్కవలెను. చిన్నవిమానములో సామానుల పరిమితి తక్కువ.

చేపయు కొబ్బరియు అక్కడ సమృద్ధి. బియ్యము మొదలు కూరగాయలవరకు తక్కినవి చాలవరకు పరదేశమునుండి రావలసినవే. అందుచే శాకాహారికి కందిపప్పు, చింతపండు, ఆవకాయసీసా బంగారముతో సమానములు. శిష్యు డావకాయను రెండుమార్లు గీతగీసి వ్రాసికొనెను.

“తీసుకుపోకూడనివి ఏవండీ?” అని యడిగెను. మద్యము, పందిమాంసము, పూజావిగ్రహములు. వీనిని సుంకాధికారులు లోనికి రానీయరు. ఈ మూడవమాట చెప్పునప్పుడు మాకు మా తల్లిగారు జ్ఞప్తికి వచ్చిరి.

ఆమె మా పెట్టెలో మడతబట్టల నడుమ తన యిత్తడి బాలకృష్ణుని దాచి యుంచిరి. ఆంగ్లమును సంస్కృతమును జదివిన మేము, ఆ సంగతి యామెతో జెప్పుటకు ఒక దినమెల్ల ధైర్యము కూడగట్టుకొంటిమి. తుదకు జెప్పగా, “దేవుణ్ని రానివ్వని ఊరేమిటిరా?” అని యామె కొంతసేపు మౌనముగా నుండిరి. పిమ్మట తామే వచ్చి విగ్రహమును బైటికి దీసి, కొంగుతో దుడిచి, “వాళ్లింటికి వెడుతున్నావు. వాళ్ల కట్టుబాటు వాళ్లది. కృష్ణుడు నా దగ్గర ఉంటాడులే. వాళ్ల పిల్లలకి చదువు సరిగ్గా చెప్పు” అనిరి. ఖాళీయైన చోట మేము లావుపాటి యాంగ్లవ్యాకరణమును దూర్చితిమి. ఆ మార్పునందలి హాస్యము మాకప్పుడు తట్టలేదు.

దీవిలో మా కప్పగించినది యైదవ తరగతి. ఇరువదిముగ్గురు పిల్లలు. మొదటిదినముననే మేమొక శాసనము చేసితిమి: తరగతిలో ఆంగ్లము తప్ప వేరుమాట వినబడరాదు, పలికినవారు గంట కొట్టువరకు నిలుచుండవలెను. ఇది మా స్వకపోలకల్పితము గాదు. బాల్యమున తెలుగు పలికిన నేరమునకు మేమును అటులే నిలుచుంటిమి. దెబ్బతిన్నవాడు ఇతరులను గొట్టడని లోకులు తలతురు. కాని మేము తిన్న దెబ్బను విద్యయని భ్రమించి, పదిలముగా గట్టుకొని, సముద్రము దాటించితిమి.

మూడవ వారము వచ్చునప్పటికి గది నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దమును మా విజయమనుకొంటిమి. ఒకనాడు కిటికీప్రక్క బాలుడు ఉదయమునుండియు తలను బల్లపై నానించియుండెను. రెండుమార్లు పేరుపెట్టి గద్దించితిమి. రెండుమార్లును లేచి నిలిచెను గాని నోరు విప్పలేదు. మూడవమారు లేచినవాడు లేచినట్లే క్రిందబడెను. ఎత్తుకొనగా నొడలు నిప్పువలె నుండెను. ఆరోగ్యకేంద్రమునకు మేమే మోసికొనిపోతిమి. త్రోవలో ఆ దేశీయుడైన సహోపాధ్యాయుడు, ప్రక్కపిల్లలు జెప్పినదానిని మాకు వివరించెను. బాలునకు రాత్రినుండియు జ్వరమట. చెప్పుటకు ఆంగ్లమున మాట తెలియదట. తన మాటలో జెప్పిన దండన యని యూరకుండెనట.

ఆ మాట విని మేము పొందిన సిగ్గును వర్ణింపజాలము. జ్వరము వచ్చినదని గురువుతో జెప్పుకొనలేని బాలునకు మేమే భాష నేర్పుచున్నట్లు?

మరునాడు వాని యింటికి బోతిమి. మమ్ము దూరుదురని భయపడుచునే గడప యెక్కితిమి. వాని నాయనమ్మ మమ్ము నొక్కమాటయు ననలేదు. మనుమని పెదవులకు గ్లాసు నందించి “ఫెన్” అనెను. పిమ్మట, ఎండబడి వచ్చితిమని మాకు నొక గ్లాసు వాననీరిచ్చి, పసివానికి నేర్పునట్లు ఆ మాటనే మరల మెల్లగా బలికెను. మాకు చటుక్కున స్ఫురించినది. వారి ధివేహీ భాషలో పూర్వపు పకారము ఫకారమైనది. మన పానీయమే యా ఫెన్. అమరకోశమును వల్లించిన మేము, మూడువారములు ఆ పిల్లల నడుమ నుండియు, దప్పికైన వారేమందురో యడిగి తెలిసికొనలేదు!

బాలుడు నాలుగు దినములలో కోలుకొనెను. వాడు తిరిగివచ్చినదినమున శాసనమును రద్దుచేసితిమి. దీవిలోని యంగడిలో నొక తెల్లకాగితముల పుస్తకము గొని, దానిని బల్లపై బెట్టి, “నేడు మీరు గురువులు, నేను శిష్యుడను” అని యాంగ్లమున జెప్పితిమి. వారు నమ్మలేదు. ఒకటి రెండ్లు అడిగితిమి. “ఏకే, దే, తినే, హతరే, ఫహే” అని గది యంతయు మ్రోగినది. ఏక, ద్వి, త్రి, చతుర్, పంచలు సముద్రమున స్నానముచేసి వచ్చి యెదుట నిలిచినట్లుండెను. చంద్రుడు హందు, చేప మస్, శర్కర హకురు. వారి తాన లిపి కుడినుండి యెడమకు నడచును. అచ్చుల గుర్తులు మన గుణింతమువలె హల్లుల పైనను క్రిందను జేరును. మా వంకర యక్షరములు చూచి పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్విరి. మా తప్పును మాకు దెలుపుటకు వారు ఆంగ్లమున మాటాడవలసివచ్చెను. తప్పులతోడనే మాటాడిరి. మా లావుపాటి వ్యాకరణము మూడువారములలో జేయలేనిపనిని మా యజ్ఞానము మూడుదినములలో జేసినది. కిటికీప్రక్క బాలుడు మాకందరికంటె కఠినుడైన గురువు.

ఇంతటితో మేము పూర్తిగా మారితిమని చెప్పిన నసత్యమగును. ఆ యేటి సెలవులకు ఇంటికి రాగా, మా కుమార్తె చదువు పాఠశాలనుండి చీటి వచ్చియుండెను: తెలుగు మాటాడినందులకు జరిమానా. మండిపడి పోయి యడిగితిమి. “తల్లిదండ్రులే ఇలా ఉండాలని కోరుతున్నారండీ” అని ప్రధానోపాధ్యాయురాలు శాంతముగా జెప్పిరి. ఆమె యన్నది నిజము. ప్రవేశపత్రముపై ఆ నియమము క్రింద మా సంతకమే యుండెను! ఒడంబడికను జదివి సంతకము చేయుమని లోకమునకు బోధించు మేము, బిడ్డ నాలుకను గూర్చిన యొడంబడికను జదువనైతిమి. నియమము మారలేదు. జరిమానా చెల్లించి, ఇంటికి వచ్చి, ప్రతి యాదివారమును నాయనమ్మకు పురాణము తెలుగున జదివి వినిపింపుమని బిడ్డతో జెప్పితిమి. అంతకంటె నధికముగా జేయవలసినదని యిప్పటికిని తోచుచున్నది.

పాఠకులారా, ఆంగ్లము నేర్పుట తప్పని మేమనుట లేదు. దానివలన మాకు అన్నము లభించినది. ఆ దీవిపిల్లలకు పైచదువుల త్రోవ తెరచుకొన్నది. కాని యొక భాషను నేర్పుటకై వేరొక భాష నోరు నొక్కనక్కర లేదు. ఇంటిమాటయందు బిడ్డకు ధైర్యమున్నగాని పరాయిమాట నాలుకకు రాదు. ఇది సముద్రము దాటి మేము నేర్చికొన్న పాఠము; దీనికై ఎవరును సముద్రము దాటనక్కర లేదు.

ఈ కథ ముగియువరకు శిష్యుడు కలమును క్రింద బెట్టి వినుచుండెను. పిమ్మట మెల్లగా, “మాస్టారూ, ఆ పుస్తకం ఇంకా ఉందా? నాకిస్తే పట్టుకెడతాను” అనెను. ఉన్నది. బీరువాలో, బాలకృష్ణుని ప్రక్కనే యున్నది. మేమీయలేదు. “ఖాళీపుస్తకము నొకదానిని గొనుక్కొనిపొమ్ము, అక్కడి పిల్లలు నీకు వ్రాయించెదరు” అని చెప్పితిమి. అతడు కాగితమును మరల దీసి, ఆవకాయ క్రింద ఆ మాటను వ్రాసికొనెను.