ఎవరి పిల్ల?

మా అక్క మనవరాలు అమెరికాలో పుట్టింది. అక్కడ కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. చదువు పూర్తయ్యాక ఆటనే వృత్తిగా పెట్టుకోవాలని ఆమె కోరిక. తీరుతుందో లేదో చెప్పలేం. ఈ సంగతి సంజామలలో తెలిసినప్పటి నుంచి కనిపించిన ప్రతివాడూ నన్ను ఒకే ప్రశ్న వేస్తున్నాడు: "మన పిల్ల గదా, మన దేశం తరపున ఎందుకు ఆడదు?"

ప్రశ్న అమాయకమైనదే. కాని అందులో "మన" అనే మాట రెండుసార్లు వచ్చింది. ఆ మాటను కొంచెం పరీక్షించి చూడడమే ఈ వ్యాసంలో నా పని.

ముందు చట్టం సంగతి. స్వచ్ఛందంగా పరాయి దేశపు పౌరసత్వం తీసుకున్నవాడు భారత పౌరుడు కాడని రాజ్యాంగం 9వ అధికరణం చెబుతుంది. 1955 నాటి పౌరసత్వ చట్టమూ అదే చెప్పింది. దేశం రెండు ముక్కలైన రోజుల్లో రాసుకున్న రాజ్యాంగం అది. మనిషి ఎటువైపో తేల్చుకోవలసిన అవసరం అప్పుడు నిజంగానే ఉండింది. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ సభలో ప్రధాని మన్మోహన్ సింగ్ మొదటి ఓ.సి.ఐ. పత్రాలు ఇచ్చినప్పుడు, ఇక రెండు పౌరసత్వాలూ ఉండవచ్చునని చాలామంది సంబరపడ్డారు. దాని పేరులో పౌరసత్వం ఉంది గాని, అందులో ఓటు లేదు. 2008 డిసెంబరులో క్రీడల శాఖ మరో ముడి వేసింది: భారత పాస్‌పోర్టు ఉన్నవారే భారత జట్టులో ఆడాలి. ఫలితమేమిటంటే, మా అక్క చేనులో ఈ పిల్లకు వారసత్వంగా వాటా రావచ్చు. ఆ నల్లరేగడిలో ఒక సెంటు కొనడానికి మాత్రం వీల్లేదు. దేశం చొక్కా తొడుక్కోవడానికి అసలే వీల్లేదు.

అన్ని దేశాలూ ఇలా లేవు. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి, పరాయి పౌరసత్వం తీసుకున్న తన బిడ్డలకు తన పౌరసత్వాన్నీ తిరిగి ఇచ్చింది. 2023 మహిళల ప్రపంచ కప్పులో ఆ దేశపు జట్టులో ఎక్కువమంది అమెరికాలో పుట్టినవారే. జూలై 25న వెల్లింగ్టన్‌లో ఆ జట్టు న్యూజీలాండును ఓడించింది. ఉన్న ఒక్క గోలూ కొట్టినది కాలిఫోర్నియాలో పుట్టిన సరీనా బోల్డెన్. ఆమె తలకు బంతి అందించినది నార్వేలో పుట్టి, అక్కడి బాలికల జట్లలో ఆడిన సారా ఎగెస్విక్ అనే మిడ్‌ఫీల్డర్. ఆ గోలుకు మనీలాలో సంబరాలు జరిగాయంటే నాకు ఆశ్చర్యం లేదు. రెండు దేశాల బిడ్డ కావడం ఆమె ఆటకు అడ్డం రాలేదు.

అయితే మనమూ అలాంటి చట్టం చేసుకుంటే సరిపోతుంది గదా అనవచ్చు. అక్కడే నాకు సందేహం.

మిడ్‌ఫీల్డర్ అంటే ఏమిటో నాకు ఆ పిల్లే చెప్పింది. రెండేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు, వరండాలో శనగలు చెరుగుతున్న మా అక్కకు చెబుతూ ఉండింది. "గోలు కొట్టేది ముందుండేవాళ్ళు, జేజీ. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకొని వాళ్ళకు అందియ్యడం నా పని. ఆట అయ్యేదాకా అటూ ఇటూ ఉరుకుతూనే ఉండాల." మా అక్క చేట ఆపి, "అయితే మా పనే గదమ్మే నీది" అన్నది. అందరం నవ్వాం. కాని ఆమె మాట నవ్వుకుని వదిలేయదగినది కాదు.

మా అక్కకు పదహారేళ్ళకు కోవెలకుంట్ల దగ్గరి ఊరికి పెళ్ళయింది. ఇంటిపేరు మారింది. పుట్టింటికి వస్తే చుట్టం, మెట్టినింట్లో చాలాకాలం పరాయిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఇచ్చినప్పుడు, 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్ళయినవాళ్ళకు అది వర్తించదన్నది. మా అక్క ఆ తేదీకి ముందే వెళ్ళిపోయింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కూతురేనని కేంద్ర చట్టం 2005లో గాని ఒప్పుకోలేదు. ఎవరి పిల్లవో తేల్చుకో అని ఆడదాన్ని అడగడం పాస్‌పోర్టు ఆఫీసుతో మొదలైంది కాదు. ఆ అలవాటు మన ఇళ్ళలోనే ఉంది.

కీర్తి వచ్చినప్పుడు మాత్రం మనం ఆ ప్రశ్న అడగం. వికాస్ దొరసూ అనే ఫ్రెంచి మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. 1973లో ఫ్రాన్సులో, ల హావ్ర్ రేవు పక్కనున్న హార్ఫ్లర్‌లో పుట్టాడు. అతని కుటుంబం మారిషస్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. 2006 ప్రపంచ కప్పులో ఫ్రాన్సు తరపున ఆడినప్పటి నుంచి అతన్ని మనవాడని చెప్పుకుంటున్నాం. మారిషస్‌లో తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరుంది. మన కోరంగి రేవు పేరది. చెరకుతోటల్లో కూలికి ఓడలెక్కిన ఆ మనుషులను అప్పుడు మనవాళ్ళని ఎవరూ ఆపలేదు. వాళ్ళ మునిమనవడు ప్రపంచ కప్పుకు చేరాక చుట్టరికం కలిపాం.

పాస్‌పోర్టు వదులుకొని వచ్చినవాళ్ళూ లేకపోలేదు. జపానులో పుట్టిన ఇజుమి అరాటా 2012లో భారత పౌరసత్వం తీసుకొని, మరుసటి ఏడాది మన జట్టులో ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ 2025లో అలాగే చేశాడు. వారిని గౌరవిస్తాను. కాని ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరికీ ఇక్కడి క్లబ్బుల్లో ఆటమీద బతుకు గడిచింది. ఆడపిల్ల సంగతి వేరు. మహిళల లీగు మనకు 2017లో గాని మొదలు కాలేదు. ఆడే అమ్మాయికి ఏడాదికి కనీసం 3 లక్షల 20 వేల రూపాయలు ఇవ్వాలని ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో ప్రకటించింది. అదీ ఒక్కో క్లబ్బులో పదిమందికి. అమెరికా మహిళల లీగులో 2025లో కనీస వేతనం 48,500 డాలర్లు, అంటే 40 లక్షల రూపాయలకు పైన. అక్కడి క్రీడాకారిణులు సంఘం పెట్టుకొని, బేరమాడి తెచ్చుకున్న వేతనమది. పాస్‌పోర్టు వదులుకుంటే ఆ పిల్ల అక్కడ పనిచేయడానికి వీసా అడుక్కోవాలి. దేశభక్తి పేరిట మనం ఆమెను వదులుకోమంటున్నది ఆమె కూడు.

ఆ సంక్రాంతికే ఆమె పొద్దున్నే లేచి ఒక బడి మైదానానికి పోయింది. నేనూ వెంట పోయాను. మైదానమంతా మగపిల్లల క్రికెట్టు. ఆడపిల్లలు గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. ఈమె బంతి వేసి పిలిస్తే ఆరేడుగురు వచ్చారు. అందులో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చెప్పులు విప్పి పారేసి పరుగెత్తిన తీరు చూసి, మా మనవరాలు అలాగే నిలబడిపోయింది. పావుగంట కాకముందే ఆ పిల్ల తల్లి వచ్చి నీళ్ళు పట్టాలని కేకేసి తీసుకుపోయింది. తల్లిని తప్పుపట్టను. కుళాయి వదిలే గంట ఆమె చేతిలో లేదు.

ఆ పిల్ల పాస్‌పోర్టు గురించి ఎవరికీ పేచీ లేదు. ఆమె నిస్సందేహంగా "మన" పిల్ల. ఆమె మనదేశం తరపున ఎందుకు ఆడదని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

అడగదగిన ప్రశ్న అదేనని చెప్పడానికి రుజువులున్నాయి. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ జట్టుకు ఆడి వచ్చింది. 2025లో సమాఖ్య ఆమెనే దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచింది. అదే ఏడు జూలై 5న చియాంగ్‌మాయ్‌లో మన మహిళలు థాయిలాండును 2–1తో ఓడించి, ఆసియా కప్పుకు అర్హత సంపాదించారు. రెండు గోళ్ళూ బెంగాలుకు చెందిన మిడ్‌ఫీల్డర్ సంగీతా బస్ఫోర్ కొట్టింది. మైదానం దొరికిన పిల్లలు ఏం చేయగలరో వీరు చూపించారు.

రెండు పౌరసత్వాలు ఉండనివ్వాలని నేను అంటాను. కాని గోళ్ళ కోసం కాదు, దేశాలు దాటి శ్రమ చేసుకునే మనిషికి అది హక్కు గనక. దూరాన పెరిగిన పిల్లను మనదనడానికి మనకు హక్కు రావాలంటే మాత్రం, దగ్గరున్న పిల్లకు మైదానమూ, కూలీ ఇవ్వగలగాలి.

వారానికి మూడు సాయంత్రాలు ఇక్కడి మైదానాన్ని ఆడపిల్లలకు విడిచిపెట్టాలని ఒక అర్జీ రాశాను. దానిమీద పదకొండుమంది తల్లుల సంతకాలు కావాలని నా పట్టుదల. ఇప్పటికి నలుగురు పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్ల తల్లి, ఆలోచించి చెబుతానన్నది.