చర్మకారుడు విధికుడు

అమరావతి వెళ్లినవాళ్లు అమరేశ్వరాలయం, కృష్ణ ఒడ్డు, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం చూసి వస్తారు. మహాస్తూపం ఉన్నచోట ఇప్పుడు మిగిలింది గుండ్రటి దిబ్బ, కొన్ని రాతిపలకలు. 1797లో మెకంజీ ఆ దిబ్బను చూశాక బయటపడ్డ శిల్పాల్లో చాలా భాగం చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరింది.

పీజీలో చదివిన ఆ స్తూపం శాసనాల్లో ఒకటి నన్ను వదలడం లేదు. పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చినవాడు విధికుడు. వృత్తి చర్మకారుడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి ఇచ్చానని ప్రాకృతంలో రాయించుకున్నాడు.

మా తాత చెప్పులు కుట్టేవాడు. వేలిముద్రే ఆయన సంతకం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. విధికుడు మా కులస్థుడేనని నేననను. కానీ తోలుపని చేసే ఇంటికి చదువు కొత్త అని ఎవరైనా అంటే, ఆ రాయి ఒప్పుకోదు.

తమ్ముళ్లూ, ఈసారి హాస్టల్ విహారయాత్ర అమరావతికి పెట్టమని వార్డెన్ గారిని అడగండి. రాజుల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఉన్నాయి. విధికుడి పేరు మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి.