సంచి విప్పే చేతులు

పురిటికి వెళ్లే సంచి సర్దడం మా ఇళ్లలో ఆడవాళ్ల పని. ఎన్ని పొత్తిగుడ్డలు, ఏ తువ్వాలు, ఏ గౌను అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆసుపత్రిలో మాత్రం ఆ సంచి విప్పేది సర్దిన మనిషి కాదు. ఆ సమయానికి గర్భిణి లోపల నొప్పులు పడుతూ ఉంటుంది. తోడు వెళ్లిన తల్లి ఆమె పక్కన నిలబడి ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడుని రానివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. అది మంచి మాట, ఇంకా గట్టిగా అమలు కావలసిన మాట. అలా ఆడవాళ్లిద్దరూ లోపలికి వెళ్లాక బయట సంచి దగ్గర మిగిలేది భర్తో, తండ్రో, నిద్రకళ్ల తమ్ముడో. తలుపు తీసి ఆయా కేకేస్తే సంచి విప్పాల్సింది వాళ్లే.

మా చుట్టాల్లో ఎవరికి పురుడొచ్చినా తోడుకి నన్ను పిలవడం అలవాటు. విజయనగరం చుట్టుపక్కల ఆసుపత్రుల వరండాల్లో చాలా రాత్రులు చాప పరుచుకుని కూర్చున్నాను. అలాంటి ఒక రాత్రి నా పక్క చాపమీద ఒక కుర్రాడున్నాడు. ఆటో నడుపుతాడట. భార్యకి తొలి కాన్పు. తెల్లవారుజామున ఆయా బయటికొచ్చి, "బిడ్డని తుడవడానికి గుడ్డలు, తల్లికి ప్యాడ్లు, ఒక పాత చీర ముక్క. బేగి ఇవ్వు బాబూ" అంది. అతను జిప్పు లాగాడు. పైన జరీ అంచు పట్టుగౌను. దాని కింద పౌడరు, నూనె, సబ్బు ఉన్న గిఫ్టు పెట్టె. ఆ తర్వాత గిలక్కాయ, కాటుక డబ్బీ, ఊలు టోపీ. ఒక్కొక్కటే తీసి చాపమీద పెడుతున్నాడు. అట్టడుగున నల్ల కవరొకటి, అందులో పేపరు చుట్టిన పొట్లం. ప్యాడ్లు అందులోనే ఉన్నాయి. ఆ కవరు చేత్తో పట్టుకుని కూడా అతను ఇంకా వెతుకుతున్నాడు. లోపల ఏముందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఏముందో కొంచెం తోచినట్టే ఉంది గానీ నలుగురిలో విప్పడానికి చెయ్యి రాలేదు. నా సంచిలోవి తీసి ఆయా చేతికిచ్చాను.

ఆ అబ్బాయిది తప్పనలేను. సంచి సర్దిన వాళ్లదీ కాదు. ఊరికెళ్లే సంచి ఎలా సర్దుతామో అలాగే సర్దారు. చూడముచ్చటైనవి పైన, దాచుకునేవి అడుగున. ఆసుపత్రిలో వరస తిరగబడుతుంది. ముందు అడిగేదంతా మనం అడుగున దాచిందే. ఆ తెల్లవారుజాము తర్వాత పురిటి సంచిని నేను మరోలా చూడటం మొదలుపెట్టాను. ఏం పెట్టాలి అన్నదాని కంటే ముందు, ఎవరు విప్పుతారు, వాళ్లకేం తెలుసు అని అడుగుతున్నాను.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏది పైనుండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. బిడ్డ తడిగా పుడుతుంది. ఆ తడి గాలికి ఆరేకొద్దీ ఒంట్లో వేడి దిగిపోతుంది. అందుకే పుట్టగానే ఒక గుడ్డతో ఒళ్లంతా తుడిచి, తడిసిన గుడ్డ తీసేసి, తల్లి గుండెలమీద పడుకోబెట్టి, ఇంకో పొడి గుడ్డ కప్పుతారు. తలకి టోపీ పెడతారు. కాబట్టి పెద్ద మెత్తటి గుడ్డలు రెండు, నూలు టోపీ ఒకటి ఒకే కవరులో అన్నిటికన్నా పైన ఉండాలి. పట్టుగౌను ఇంట్లో ఉన్నా ఫరవాలేదు, బారసాలకి పనికొస్తుంది.

గుడ్డలంటే మా అమ్మ పద్ధతే నాకిష్టం. బిడ్డ పుట్టకుండా కొత్త బట్టలు కొనకూడదని మా వైపు పట్టింపు. ఆ పట్టింపు వెనక ఎంత భయం ఉందో, పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో తెలియని రోజుల్లో ఎంతమంది తల్లులు కొన్న బట్టలు చూసుకుని ఏడ్చి ఉంటారో తలచుకుంటే ఆ మాట తీసిపారేయబుద్ధి కాదు. పైగా దానివల్ల మంచే జరిగింది. మా అమ్మ తన పాత నేత చీర తీసి, అంచు పక్కకి చించేసి, మిగతాది మూరెడు ముక్కలు చేసేది. అన్నేళ్లు ఉతికి కట్టిన చీర కదా, పోగు పోగూ మెత్తబడి చేతికి తగిలీ తగలనట్టుంటుంది. వేడినీళ్లలో ఉడకబెట్టి, గంజి తగలనివ్వకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసి, మడతపెట్టేముందు ఒక్కో ముక్కని చెంపకి ఆనించి చూసుకునేది. గరుకు తగిలితే పక్కన పడేసేది. బిడ్డ మొదటి ఒకటి రెండు రోజులు నల్లగా, జిగురుగా వెళుతుంది. ఎన్ని గుడ్డలున్నా చాలవు. ఈ ముక్కలైతే ధారాళంగా వాడి పారేయొచ్చు.

సంచిలోంచి తీసేయాల్సినవీ ఉన్నాయి, వాటి గురించి నేను మొహమాటపడను. సబ్బు అక్కర్లేదు. బిడ్డకి మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగాకే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పౌడరు అసలే వద్దు, ఆ ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్దవాళ్లు ప్రేమకొద్దీ పెట్టే తేనె సీసా, ఆముదం సీసా, చక్కెర పొట్లం బయటికి తీసేయాల్సిందే. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకిస్తే దానిలో ఉండగల సూక్ష్మజీవుల వల్ల ప్రాణం మీదికి రావచ్చు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టిస్తే చాలు, మరేదీ నాలుక్కి రాయక్కర్లేదు. పాలసీసా సంచిలో ఉంటే, బిడ్డ ఏడ్చిన మొదటి రాత్రే ఎవరో ఒకరు దాని మూత తీస్తారు. ఇంట్లోనే వదిలేయండి.

ఇక తల్లి. ఏ సంచి విప్పినా నాకు బాధ కలిగేది ఇక్కడే. బిడ్డ కోసం సగం సంచి నింపుతారు, తల్లి కోసం ఒక నైటీ, ఒక దువ్వెన. కాన్పయ్యాక మొదటి రోజుల్లో రక్తస్రావం నెలసరి కంటే చాలా ఎక్కువ. తగ్గుతూ తగ్గుతూ నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు ఉంటుంది. మామూలు ప్యాడ్లు చాలవు, పొడవైన మెటర్నిటీ ప్యాడ్లు కావాలి. ముందు తెరుచుకునే వదులు నూలు నైటీలు కావాలి. ఆపరేషనైతే లంగా బొందు కుట్ల మీద ఒరుసుకోవచ్చు, కాబట్టి లంగాలు పెట్టి ప్రయోజనం లేదు. జారని చెప్పులు ఒక జత. లోపలికి తీసుకెళ్లేముందు గాజులు, ముక్కుపుడక, నల్లపూసలు తీయిస్తారు. సీమంతం నాడు వేసిన గాజుల్ని వాచిన చేతుల నుంచి సబ్బు నురగ రాసి ఒక్కొక్కటీ తీస్తుంటే ఆ పిల్ల మొహం చూడాలి. తీసినవి వేయడానికి జిప్పున్న చిన్న పర్సు ఒకటి ఉండాలి, అది ఎవరి చేతికివ్వాలో ముందే అనుకుని ఉండాలి.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగు రిపోర్టులు, ఆధార్, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు, తల్లి పేరున ఉన్న బ్యాంకు పుస్తకం ఒకే ఫైలులో పెట్టి, పైన బ్లడ్ గ్రూపు పెద్ద అక్షరాలతో రాయాలి. తల్లిది నెగటివ్ గ్రూపై బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. తర్వాతి కాన్పులో పుట్టబోయే బిడ్డ క్షేమం దానిమీద ఉంటుంది. సంచి విప్పే మనిషికి ఈ ఒక్క ముక్క తెలిసుండటం పది గౌన్లకంటే మేలు.

సర్కారు ఇచ్చే కిట్లున్నాయి కదా అంటారు కొందరు. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ మొదలుపెట్టినప్పుడు బిడ్డ సామానుతో పాటు తల్లికి చీరలు కూడా పెట్టారని విని సంతోషించాను. తల్లి ఒకతె ఉందని గుర్తుపెట్టుకున్నారు. కానీ కిట్ చేతికొచ్చేది కాన్పయ్యాకే. మొదటి గంటలు గడిచేది మన సంచి మీదే.

ఎప్పుడు సర్దాలన్నది మనం ఎక్కడున్నామన్నదాన్ని బట్టి. డాక్టరు చెప్పిన తేదీకే పుట్టే పిల్లలు బహు తక్కువ, 37 వారాలు నిండాక ఎప్పుడైనా సరే అనుకోవాలి. పట్నంలో ఉన్నవాళ్లకి 35వ వారంలో సంచి సిద్ధమైతే చాలు. మా జిల్లా పక్కనే కొండలున్నాయి. రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తారని పేపర్లో చదువుతూనే ఉంటాం. అలా నొప్పులతో దారిలో పడకూడదనే సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టారు. తేదీకి కొన్ని వారాల ముందే కొండ దిగి వచ్చి అక్కడుంటారు. ఆ తల్లుల సంచి రెండు మూడు రోజులది కాదు, కాపురాన్నే మోసుకొచ్చినట్టుంటుంది. చంకలో ఉన్న పెద్దపిల్లాడి బట్టలు కూడా అందులోనే. సంచి గురించి ఏం రాసినా ముందు వాళ్లు గుర్తుకొస్తారు నాకు.

మా అమ్మాయికి నెలలు నిండినప్పుడు సంచి నేను సర్దలేదు. సామానంతా మంచం మీద పరిచి అల్లుడిని పిలిచాను. "బాబూ, మీరిలా వచ్చి కూర్చోండి. ఇవన్నీ మీరే సర్దాలి" అన్నాను. మా అమ్మాయి సిగ్గుతో, "అమ్మా, ఆయనకెందుకే ఇవన్నీ" అంది. వసారాలోంచి మా అమ్మ, "మగపిల్లడి చేత ఆ గుడ్డలు ముట్టిస్తావేటే?" అంది. ముట్టిస్తాను అన్నాను. అతను మాత్రం "చెప్పండి అత్తయ్యా" అని కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ప్యాడ్ల ప్యాకెట్టు విప్పి చూపించాను. ఇది ఎందుకు, ఎన్ని గంటలకి మార్చాలి, గంట తిరక్కుండానే ఒకటి పూర్తిగా తడిసిపోతుంటే, పెద్ద గడ్డలు పడుతుంటే పరుగెత్తుకెళ్లి నర్సుకి చెప్పాలి, ఎవరి నిద్ర చెడుతుందో అని చూడకూడదు అని చెప్పాను. మొదటి నిమిషం అతని చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు, అందులో రెండు నాకూ తోచనివి. కవర్లన్నీ తనే కట్టి, ప్లాస్టర్ ముక్కల మీద పేర్లు రాసి అంటించాడు. కరెంటు పోతే ఎలాగని కళ్లు మూసుకుని తడిమి తీయడం కూడా చూసుకున్నాడు.

చివరికి ఆపరేషనే అయింది. నడుముకి మత్తిచ్చారు కాబట్టి చాలాసేపు కాళ్లు కదలవు, ప్యాడ్లు మార్చాల్సింది పక్కనున్నవాళ్లే. ఆ రాత్రి నేను వేడినీళ్లకని ఫ్లాస్కు పట్టుకుని వెళ్లి వచ్చేసరికి నర్సు మంచం దగ్గరుంది. "సాయంత్రం నుంచి ఎన్ని ప్యాడ్లు మార్చారు?" అని అడుగుతోంది. మా అల్లుడు ఫైలు అట్ట తిప్పి చూపించాడు. మార్చిన టైములు వరసగా రాసి ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఎంత తడిసిందో కూడా. నర్సు ఏమీ అనలేదు. ఆ టైములు తన కాగితం మీద ఎక్కించుకుని, కడుపు మీద చెయ్యివేసి చూసి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

నల్ల కవరులో పేపరు చుట్టి దాచే అలవాటు ఆసుపత్రితో పోదు. అదే నాకు భయం. ఇంటికొచ్చాక ఏ పదో రోజో జ్వరం తగులుతుంది, స్రావం వాసన వేస్తుంది, లేదా తగ్గిన రక్తం మళ్లీ ఉధృతంగా మొదలవుతుంది. అప్పటికి భర్త తన ఊళ్లో ఉంటాడు, బాలింత పుట్టింట్లో ఉంటుంది. బండి తీయాల్సింది తండ్రి లేదా తమ్ముడు. వాళ్లతో ఈ మాట ఎలా చెప్పాలని ఆ పిల్ల తెల్లారేదాకా ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడమే మంచితనమని మనమే నేర్పాం. అందుకని ఇంట్లో మగవాళ్లకి కూడా చెప్పి ఉంచాలి. మా ఆయనతోనూ అమ్మాయి తమ్ముడితోనూ నేనే కూర్చుని చెప్పాను. మా ఆయన అంతా విని, 108 రావడం ఆలస్యమైతే ఎవరి కారు అడగాలో రెండు పేర్లు కాగితం మీద రాసి ఫోను పక్కన పెట్టారు.

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. కోడలికి వచ్చే నెలలో పురుడు, సంచిలో ఏమేం పెట్టాలో వాట్సాప్‌లో పంపమంది. పంపుతాను గానీ ముందు మీ అబ్బాయికి ఫోనివ్వు అన్నాను. "నాకెందుకు పెద్దమ్మా?" అంటూనే తీసుకున్నాడు. కోడలిది నెగటివ్ గ్రూపు. నీదేమిటిరా అని అడిగితే అతనికి తెలీదు. రేపు ఆఫీసుకి వెళ్లేలోపే టెస్టు చేయించుకుని చెబుతానన్నాడు. తర్వాత, రెండు గుడ్డలు ఎందుకో ఇంకోసారి చెప్పమన్నాడు.