మోగని చోట వెతుకుదాం

మా నాన్న డప్పు కళాకారుడు. డప్పు వదులైతే మంటకు కాచి మోగిస్తాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. నా చేతికి గిటార్ వచ్చింది.

నిరుడు వార్షికోత్సవానికి అద్దెకు తెచ్చిన పెడల్‌బోర్డు, పాటకు పావుగంట ముందు మూగబోయింది. "ఇవి మనకు అచ్చిరావురా" అన్నారొకరు. ఆ మాటకు పట్టుదల పెరిగింది.

గిటార్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు కలిపాను. మోగింది. అంటే లోపం బోర్డులోనే. ఒక్కొక్క పెడల్ చేర్చుతూ వచ్చాను. మూడోదాని దగ్గర శబ్దం ఆగింది. దాని లైటూ వెలగలేదు. కరెంటు అందకపోతే చాలా పెడల్స్ శబ్దాన్ని ముందుకు పోనివ్వవు. అడాప్టర్ 9 వోల్టులదే, పెడల్ మీద రాసినట్టు ప్లగ్గు మధ్య మైనస్సే. వైరులో ఖాళీగా ఉన్న మరో ప్లగ్గు పెట్టాను. వెలిగింది, మోగింది!

తమ్ముళ్ళూ! లైటు వెలిగినా మోగకపోతే పెడల్స్ మధ్య ఉండే పొట్టి కేబుల్ మార్చి చూడండి. అడాప్టర్ కొనేముందు వోల్టులు, మైనస్ ఎటువైపో, పెడల్స్ అన్నిటికీ కావలసిన మిల్లీయాంపుల మొత్తం లెక్క చూసుకోండి.

చదువు నాకిచ్చిన ధైర్యం ఇదే. మనకు అచ్చిరాదని ఎవరన్నా, ఎక్కడ ఆగిందో వెతుకుతాను.