పీపా గుణం

మన ఇళ్ళల్లో పాత్రకి ఉండాల్సిన మొదటి గుణం తన సంగతి తాను చూసుకోవడం. ఆవకాయ జాడీనే తీసుకోండి. ఏడాది పొడుగునా పచ్చడిని కడుపులో పెట్టుకుని కూచుంటుంది గానీ, తన రుచంటూ రవ్వంత కూడా దానికి అంటనివ్వదు. అంటనిచ్చిందా, మర్నాడే పెరట్లోకి పోతుంది. అలాంటి జాడీల మధ్య పెరిగినదాన్ని. తన రుచి ఇవ్వడం కోసమే డబ్బు పోసి కొనుక్కునే పాత్ర కూడా ఒకటుందని నలభై ఏళ్ళు దాటాక గానీ నాకు తెలియలేదు.

2023 వేసవిలో అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లో ఉంటున్న మా తమ్ముడింట్లో మూడు నెలలున్నాను. వాడు ఇంట్లో బీరు కాస్తాడు. మన దగ్గర ఆ పని చేస్తే పోలీసులొస్తారు. అక్కడ మాత్రం కార్టరు అధ్యక్షుడుగా ఉండగా 1978లో చట్టమే చేశారట. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో, అమ్ముకోకుండా, ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు.

"రెండు వందలే! ఒరేయ్, అది కాపరమా, కల్లు దుకాణమా?" అన్నాను.

"మేం కాచేది అందులో పదో వంతు కూడా ఉండదక్కా" అన్నాడు.

నేను వెళ్ళిన వారానికే పీపా వచ్చింది. అయిదు గ్యాలన్లది, అంటే ఇంచుమించు 19 లీటర్లు. చంటిపిల్లాడిలా చంకనెత్తుకోవచ్చు. ఓక్ చెక్క బద్దలు, ఇనప పట్టీలు, పక్కన ఓ బిరడా. మేకు లేదు, జిగురు లేదు. లోపలివైపు నిప్పుసెగకి కాల్చి ఉంచారు. వేడినీళ్ళు పోయగానే సందుసందునా కారడం మొదలెట్టింది. నేను గుడ్డల కోసం వెతుకుతుంటే, "ఉండక్కా, నీళ్ళు తాగి చెక్క ఉబ్బాలి" అన్నాడు. మర్నాటికి చుక్క కారలేదు. కొత్త కుండకి మనం చేసే నానబెట్టుడే కదా!

ఆ తర్వాత ఘాటైన నల్ల బీరు పోశాడు. పీపా గుణం అప్పుడు తెలుస్తుంది. విస్కీ కంపెనీలవాళ్ళ పీపాలు 53 గ్యాలన్లవి. వాటిల్లో సరుకెక్కువ, దాన్ని తాకే చెక్క తక్కువ. రుచి నెమ్మదిగా దిగుతుంది. చిన్న పీపాలో లెక్క తిరగబడుతుంది. రెండు మూడు వారాలకే వెనిల్లా, కొబ్బరి, కాగిన బెల్లంలాంటి వాసనలన్నీ గుమ్మరించేస్తుంది, కొత్త అల్లుడు మొదటి పండక్కే తనకొచ్చిన పాటలన్నీ పాడేసినట్టు. ఇంకా వదిలేస్తే రంపపుపొట్టు నమిలినట్టుంటుందట. అందుకని వారానికోసారి రుచి చూస్తూ, చాలనగానే తీసేయాలి.

రెండోసారి పోస్తే పీపాకి అంత తొందర ఉండదు. నాలుగైదు విడతలయ్యేసరికి దాని సొంత రుచి దాదాపు పోతుంది. అప్పుడు పారేయరుట! నెలల తరబడి ఊరాల్సిన పుల్ల బీరులాంటివాటిని అప్పుడే దానికి అప్పజెబుతారు. ఖాళీగా మాత్రం ఉంచకూడదు, ఎండిపోయి సందులు విడుస్తుంది. నా వయసుకి ఈ మాట ఎందుకో బాగా నచ్చింది.

అసలు నేను ఆశ్చర్యపోయింది మా మరదలి విషయంలో. వాళ్ళ నాన్న తాగేవాడు. రాత్రి గేటు చప్పుడయితే, అడుగులు ఎలా పడుతున్నాయో విని, అన్నం వడ్డించాలో తలుపు గడియ పెట్టుకోవాలో తేల్చుకునేవాళ్ళట తల్లీ పిల్లలూ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని పేపర్లో పడితే, వాళ్ళమ్మ ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో దాచుకుందిట. అలాంటి ఇంటి పిల్ల గుమ్మంలోకి పీపాని ఎలా రానిచ్చింది?

అడిగాను. అల్మరాలోంచి ఓ నోటుబుక్కు తీసింది. ఏ తారీఖున పోశారు, ఎన్ని సీసాలయ్యాయి, ఎవరికెన్ని ఇచ్చారు, అంతా తన దస్తూరీయే. బిరడా తీసేది తన ఎదుటే, ఆదివారం మధ్యాహ్నమే. తను వాసన చూస్తుంది, తాగదు.

"వదినా, మా నాన్నది సాయంత్రం దాకా కూడా ఆగలేని తాగుడు. ఈయన నెలల తరబడి ఆగుతున్నారు. ఆగినన్నాళ్ళూ నాకు భయం లేదు. ఆగలేని రోజొస్తే మాత్రం, ఈ పీపాని రెండు చెక్కలు చేసి బంతిమొక్కలు నాటుతాను" అంది.

తమ్ముడు నవ్వాడు. తను నవ్వలేదు.

ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా పిల్లల చదువులకన్నా ముందు ఆ నోటుబుక్కు సంగతే అడుగుతున్నాను. ఇంకా రాస్తూనే ఉందిట. కొత్త విడత పోసి నాలుగు నెలలయిందనీ, మూత కదపలేదనీ చెప్పింది. ఎందుకైనా మంచిదని బంతి గింజలు కూడా తెప్పించి ఉంచిందిట.